ఖొండలైట్ బీటల షియర్ పరీక్షలు: ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

విశాఖలో మధురవాడ వైపు కొండ అంచున ఒక భవనం కోసం కోసిన రాతి వాలు ఉంది. అది దానంతట అదే నిలుస్తుందా, బోల్టులు, వల వేసి బిగించాలా అన్నది తేలాలంటే ఆ రాతిలోని బీటల షియర్ స్ట్రెంగ్త్, అంటే ఒక ముఖం మీద ఇంకో ముఖం జారకుండా ఆపే బలం కావాలి. ఆ పని మా ల్యాబ్‌కు వచ్చింది, నా ప్రాజెక్టుగా తీసుకున్నాను.

రాయి ఖొండలైట్. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడా గ్రాఫైట్ రేకులు కలిసిన పొరల రాయి. ఖోంద్ గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ దీనికి ఆ పేరు పెట్టాడు. ఈ ఊళ్ళో రోడ్డు కోసమో ఇంటి కోసమో కొండను ఎక్కడ కోసినా ఎర్రటి తుప్పు మరకలతో, తెల్లగా పిండిలా మారిన ఫెల్డ్‌స్పార్‌తో ఈ రాయి కనబడుతుంది.

ఈ రాయి ముక్కను ప్రెస్‌లో పెట్టి నలిపితే ఎంత బరువు ఆపిందన్నది వాలు విషయంలో పెద్దగా అక్కరకు రాదు. కోసిన కొండ నలిగి పడదు, బీట వెంట జారి పడుతుంది. ఈ సంగతి ఇంజనీర్లకు ఎంత బాధాకరంగా తెలిసివచ్చిందో చెప్పడానికి మాల్‌పాసే ఒక్కటి చాలు. 1959 డిసెంబరు 2 రాత్రి ఫ్రాన్స్‌లో ఆ ఆనకట్ట తెగి నాలుగొందల మందికి పైగా చనిపోయారు. కట్టిన కాంక్రీటులో లోపం లేదు. ఎడమ గట్టు కింద నైస్ అనే పొరల రాతిలోని పొరలు, దిగువన ఉన్న ఒక భ్రంశం (రాయి విరిగి జరిగిన పెద్ద పగులు), పొరల మధ్య చేరిన నీటి ఒత్తిడి, ఈ మూడూ కలిసి పునాదినే కదిపేశాయి. ఖొండలైటూ పొరల నైసే. అందుకే ఈ పని నాకు మామూలు ల్యాబ్ పరీక్షలా అనిపించడం లేదు.

జూన్, తొలకరికి ముందు

శాంపిళ్ళ కోసం సైటుకు వెళ్ళాం. వాలులో రెండు రకాల బీటలు ముఖ్యం. ఒకటి పొర వెంట వచ్చేది: సాపుగా, నల్లటి గ్రాఫైట్ మెరుపుతో, సరిగ్గా కోసిన ముఖం వైపే వాలి ఉంది. రెండోది పొరను అడ్డంగా కోసుకుంటూ పోయేది: గరుకుగా, తుప్పు రంగుతో ఉంది.

అక్కడ రాళ్ళు తీసే మేస్త్రి గారిని అడిగాను. "ఈ నల్ల పొర ఎంత లోపలికి ఉంటుందంటారు మేస్త్రి గారూ?"

"అది నిలవదు బాబూ. పైకి గట్టిగానే కనిపిస్తాది. వాన పడ్డాక దాని మీద కాలెట్టి సూడండి, తెలుస్తాది. మేం రాయి తీసేటప్పుడు ముందు దాన్నే సూసుకుంటాం."

ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను. పరీక్షలో మొదట దేనికి ఎక్కువ శాంపిళ్ళు కేటాయించాలో అక్కడే తేలిపోయింది.

శాంపిల్ తీయడంలో కష్టమంతా ఒకటే: బీటకు రెండు వైపులా ఉన్న ముక్కలు విడిపోకుండా రావాలి. సుత్తితో కొడితే పై ముక్క ఎగిరిపోతుంది. కాబట్టి బీట చుట్టూ రంపంతో కోయించి, బ్లాకు ఇంకా కొండలో ఉండగానే జీఐ వైరుతో రెండు చుట్లు బిగించాం. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టాం, లోపలి తేమ పోకుండా. బ్లాకు మీద పెయింటుతో బాణం గుర్తు: కొండలో ఏ దిక్కున జారే వీలుందో ఆ దిక్కు. ఈ బాణం లేకపోతే పరీక్షకు అర్థమే లేదు. బీట మీది ఎత్తుపల్లాలు అన్ని దిక్కులా ఒకేలా ఉండవు, ఒకవైపు తోస్తే ఎక్కువ బలం చూపిన బీట ఇంకోవైపు తోస్తే తక్కువ చూపుతుంది.

జూన్ చివర

వానలు మొదలయ్యాయి. బ్లాకులను ల్యాబ్‌లో డైమండ్ రంపంతో సుమారు పది సెంటీమీటర్ల చదరానికి కోస్తున్నాం. నీళ్ళతో నడిచే రంపం కదా, బీటలోంచి మట్టి కొట్టుకుపోకుండా అంచులకు టేపు వేసి నెమ్మదిగా కోయాలి. మా టెక్నీషియన్ దీనికి మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు నాకంటే ఆయనకే పట్టింపు ఎక్కువ.

ఈ మధ్యలో ష్మిట్ హ్యామర్ రీడింగులు. రాతి ముఖాన్ని కొట్టి ఎంత వెనక్కి ఎగిరిందో చూసి గట్టిదనం చెప్పే పరికరం అది. బీట ముఖం మీద తడిగా, కోసిన తాజా ముఖం మీద పొడిగా, రెండు చోట్లా తీసుకోవాలి. పది రీడింగుల్లో కింది సగం వదిలేసి పై ఐదింటి సగటు పట్టాలి. గరుకు బీటకు 28, తాజా రాతికి 40 వచ్చాయి. ఈ తేడా చెప్పేది శైథిల్యం (ఎండకూ వానకూ రాయి చివికిపోవడం) గురించే: లోపలి రాయి ఎంత గట్టిదైనా, బీట పక్కన మిల్లీమీటరు మందం రాయి వాన నీటికి మెత్తబడింది. జారుడును ఎదుర్కొనేది ఆ మిల్లీమీటరే.

28 రీడింగును రాతి సాంద్రతతో కలిపి లెక్కిస్తే బీట గోడ బలం, అంటే బీట ముఖం దగ్గరి రాయి నలగకుండా ఆపే ఒత్తిడి, నలభై మెగాపాస్కల్‌కు కాస్త పైన తేలింది. లెక్కలకు 40 తీసుకున్నాను. రంపంతో కోసిన నున్నటి ముఖాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వంచితే 31 డిగ్రీల దగ్గర జారాయి. అది మూల ఘర్షణ కోణం. శైథిల్యం వల్ల అది ఎంత తగ్గుతుందో చెప్పడానికి నిక్ బార్టన్, చౌబే అనే పరిశోధకులు 1977లో ఇచ్చిన సూత్రం ఉంది: మూల కోణంలోంచి 20 తీసేసి, రెండు హ్యామర్ రీడింగుల నిష్పత్తిని 20తో గుణించి కలపాలి. 11కు 14 కలిపితే 25 డిగ్రీలు. గరుకుదనమంతా అరిగిపోయాక ఈ బీటకు మిగిలేది అంతే, దీన్నే అవశేష కోణం అంటారు.

జూలై

గరుకుదనాన్ని కొలవడం. వడ్రంగులు వాడే సూదుల దువ్వెనను బీట మీద నొక్కితే దాని ఆకారం దిగుతుంది. దాన్ని కాగితం మీద గీసి, బార్టన్, చౌబే ఇచ్చిన పది నమూనా గీతలతో పోల్చి 0 నుంచి 20 మధ్య ఒక అంకె ఇవ్వాలి. దాన్నే జేఆర్‌సీ అంటారు. మా గరుకు బీటకు నేను 11 అన్నాను, టెక్నీషియన్ 9 అన్నారు, గైడ్ గారు 10 దగ్గర ఆగారు. కంటితో పోల్చే పద్ధతిలో ఇంత తేడా మామూలే. అందుకే ఒకే మనిషి మాట మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం.

సాపు బీటకు ఇంకో దారి ఉంది: రెండు ముక్కలను జతగా పెట్టి, పలకను మెల్లగా వంచుతూ పోయి, పై ముక్క తన బరువుకే ఏ కోణంలో జారిందో చూడడం. మాది 40 డిగ్రీల దగ్గర కదిలింది. తిరగేసి లెక్కిస్తే జేఆర్‌సీ 3 వచ్చింది. గరుకు బీటకు ఈ పద్ధతి పనికిరాదు. పలకను దాదాపు నిలువుగా నిలబెట్టాల్సి వస్తుంది, అప్పటికి ముక్క జారదు, తలకిందులుగా పడుతుంది. జేఆర్‌సీ 8 దాటితే ఈ పరీక్షను నమ్మకపోవడమే మంచిది.

తర్వాత శాంపిళ్ళను షియర్ బాక్సు (బీట మీద నిలువు బరువు ఉంచి పక్కకు తోసే యంత్రం) అచ్చుల్లో కూర్చడం. ఈ ప్రాజెక్టులో చేయి తిరగాల్సిన పని ఇదే, వారాల తరబడి దీనితోనే సరిపోయింది. వైరు కట్టు విప్పకుండానే కింది సగాన్ని అచ్చులో పెట్టాలి. బీట తలం సరిగ్గా అడ్డంగా ఉండాలి, బాణం గుర్తు తోపుడు దిక్కుకు సూటిగా ఉండాలి. రసమట్టం పెట్టి, కింద చెక్క ముక్కలు సర్దుతూ సర్దుతూ, కుదిరాక కుంచించుకోని గ్రౌటు (పోస్తే గట్టిపడే సిమెంటు ముద్ద) పోస్తాం. అది గట్టిపడ్డాక బీట చుట్టూ మెత్తటి జిగురు మట్టి పట్టీ పెట్టి, పై అచ్చు దింపి మళ్ళీ గ్రౌటు. మట్టి తీసేశాక పై, కింది గ్రౌట్ల మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ మిగలాలి, లేదంటే రాయికి బదులు గ్రౌటు గ్రౌటును ఒరుసుకుని దాని బలాన్నే మనం కొలుస్తాం. చివరగా వైరు కోసేయాలి. ఆ క్షణంలో ముక్క ఇసుమంత కూడా కదలకూడదు.

కదిలితే ఏమవుతుందని అడిగేవాళ్ళకు: బీట రెండు ముఖాలూ ఒకదాంట్లో ఒకటి ఒదిగి ఉన్నప్పుడే అసలు బలం. అర మిల్లీమీటరు పక్కకు జరిపి కూర్చినా మిట్ట మీద మిట్ట ఎక్కి కూర్చుంటుంది. ఒరుసుకునే చోట్లు కాసిన్నే మిగులుతాయి. శిఖర బలం (జారే ముందు బీట చూపే గరిష్ఠ బలం) అసలు కనిపించదు, గ్రాఫు సాదాగా పాకుతుంది. దాన్ని చూసి బీట బలహీనమని రాసేస్తే ఆ తప్పు రిపోర్టు పొడవునా వస్తుంది.

జూలై చివర

మొదటి గరుకు శాంపిల్ మీద పరీక్ష. ముందు నిలువు బరువు. పది సెంటీమీటర్ల చదరం అంటే 10 కిలోన్యూటన్లు వేస్తే 1 మెగాపాస్కల్. పది మీటర్ల మందం రాయి బీట మీద కూర్చుంటే సుమారు 0.25 మెగాపాస్కల్, కాబట్టి 2.5 కిలోన్యూటన్లతో మొదలుపెట్టాం. డయల్ గేజీలు స్థిరపడేదాకా ఆగి, మోటారును నిమిషానికి 0.1 మి.మీ. వేగంతో వదిలాం. అంతర్జాతీయ శిలాయాంత్రిక సంఘం 2014లో సవరించిన పద్ధతి కూడా ఈ వేగం దరిదాపుల్లోనే నడపమంటుంది. ఈ పరీక్షకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 12634 కూడా దగ్గర పెట్టుకున్నాం.

కంటితో చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. గేజీల్లోనే తెలుస్తుంది. తోపుడు బలం నిట్టనిలువుగా ఎక్కుతుంది. నిలువు గేజీ మొదట వెంట్రుకవాసి కిందికి దిగి, తర్వాత పైకి లేవడం మొదలుపెడుతుంది: పై ముక్క కింది ముక్క మిట్టలను ఎక్కుతోంది. ఇదే డైలేషన్. సన్నగా చిటపట శబ్దాలు. సుమారు 1 మి.మీ. కదలికకు బలం గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలైంది. బీట పొడవులో దాదాపు ఒక శాతం కదలిక దగ్గర శిఖరం వస్తుందని బార్టన్ చెప్పింది మా శాంపిల్‌కు సరిపోయింది. 10 మి.మీ. దాకా తోసి ఆపాం. అంత దూరం జరిగాక ఒరుసుకునే వైశాల్యంలో పదో వంతు తగ్గిపోతుంది కనుక చివరి రీడింగులకు ఆ సవరణ తప్పనిసరి.

పై సగాన్ని ఎత్తి చూశాక నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తోపుడుకు ఎదురుగా ఉన్న వాలుల మీదే తెల్లటి పిండి. వెనక వాలుల మీద తుప్పు రంగు చెక్కుచెదరలేదు, అసలు తాకినట్టే లేదు. ఒకచోట గార్నెట్ గుళిక ఒకటి ఎదుటి ముఖాన్ని గీరుకుంటూ పోయి సన్నటి గాడి వదిలింది. చేత్తో తడిమితే గాడి తగులుతోంది. బీట వైశాల్యంలో నిజంగా పనిచేసేది ఎంత చిన్న భాగమో పుస్తకంలో చదివినదానికీ ఇలా చూసినదానికీ పోలికే లేదు.

ఆగస్టు

నిలువు బరువులు మార్చుతూ పరీక్షలు నడుస్తున్నాయి. ప్రతి బరువుకూ కొత్త శాంపిల్. ఒకే శాంపిల్‌ను వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ వాడితే పని తేలికే. శాంపిళ్ళు దొరకడం కష్టమని చాలాచోట్ల అలాగే చేస్తారు. కానీ ఒకసారి తోశాక బీట కక్కు అరిగిన తిరగలి అవుతుంది. రెండోసారి బరువు పెంచి తోస్తే ఆ బరువుకు రావాల్సిన బలం రాదు, తక్కువ బరువు దగ్గర ఎక్కువ, ఎక్కువ బరువు దగ్గర తక్కువ వచ్చి గీత వాలిపోతుంది. కోణం తగ్గి, లేని అతుకుబలం (బరువేమీ లేకపోయినా రెండు ముఖాలనూ పట్టి ఉంచే బలం) పెరిగినట్టు కనిపిస్తుంది. అలా తీసిన అంకెలను రిపోర్టులో పెట్టాల్సి వస్తే, ఎన్నోసారి తోసినదో పక్కనే రాయాలి.

సాపు గ్రాఫైట్ బీటలు వేరే కథ. శిఖరమంటూ పెద్దగా లేదు, డైలేషన్ నామమాత్రం. విప్పి చూస్తే ముఖం అద్దంలా మెరుస్తోంది, తోపుడు దిక్కున సన్నటి గీతలు. మేస్త్రి గారి నల్ల పొర ఇదే.

సెప్టెంబరు

లెక్కల నెల. గరుకు బీటకు 25 డిగ్రీల అవశేష కోణం, జేఆర్‌సీ 10, గోడ బలం 40 పెట్టి, ఒత్తిడిని బట్టి ఘర్షణ కోణం ఎంతో చెప్పే బార్టన్ సూత్రంతో చూస్తే 0.25 మెగాపాస్కల్ దగ్గర 47 డిగ్రీలు, అంటే షియర్ బలం సుమారు 0.27. ఒక మెగాపాస్కల్ దగ్గర 41 డిగ్రీలు, బలం సుమారు 0.87. ల్యాబ్‌లో వచ్చిన చుక్కలు ఈ వంపు గీతకు అటూ ఇటూ దగ్గరగానే పడ్డాయి. బరువు పెరిగేకొద్దీ కోణం తగ్గడానికి కారణం నిలువు గేజీలే చూపించాయి. తక్కువ బరువు కింద ముక్క మిట్టలను ఎక్కి దాటుతుంది, ఎక్కువ బరువు కింద వాటిని కోసేసుకుంటూ పోతుంది. పళ్ళ ఆకారంలో ప్లాస్టర్ నమూనాలు పోసి ప్యాటన్ అనే పరిశోధకుడు 1966లో చూపించినది ఇదే.

ఇక అసలు చిక్కు. సైటు వాళ్ళకు కావాల్సింది రెండు అంకెలు: అతుకుబలం ఒకటి, ఘర్షణ కోణం ఒకటి. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు గడులే ఉన్నాయట. పైన చెప్పిన రెండు చుక్కల మీదుగా స్కేలు పెట్టి గీత గీస్తే కోణం సుమారు 39 డిగ్రీలు, అతుకుబలం సుమారు 67 కిలోపాస్కల్ వస్తాయి. చూడడానికి ముచ్చటైన అంకెలే. కానీ ఆ బీటలో అతుకేదీ లేదు. వైరు విప్పితే రెండు ముక్కలూ చేతిలోకి వచ్చేస్తాయి!

ఈ 67 ఎంత ప్రమాదమో ఒక మీటరు మందం పలకను తీసుకుంటే తెలుస్తుంది. దాని కింద బీట మీద ఒత్తిడి 25 కిలోపాస్కలే. వంపు గీత ప్రకారం అక్కడ షియర్ బలం సుమారు 39 కిలోపాస్కల్. సరళ రేఖ మాత్రం 87 అంటుంది, రెట్టింపుకు పైగా. కోసిన వాలుల నుంచి రోడ్ల మీద పడేవి ఎక్కువగా ఇలాంటి పలుచటి పలకలే. గైడ్ గారితో ఈ మాట అన్నాను. "అయితే వంపు గీతే ఇద్దాం. రెండు అంకెలు తప్పదంటే ఏ ఒత్తిడి నుంచి ఏ ఒత్తిడి దాకా చెల్లుతాయో కూడా రాసి ఇవ్వండి, వేరే చోట వాడొద్దని స్పష్టంగా చెప్పండి" అన్నారు. అలాగే రాస్తున్నాను.

అక్టోబరు

పరిమాణం సమస్య మిగిలి ఉంది. మా శాంపిల్ పది సెంటీమీటర్లు, కొండలో జారే పలక మీటర్లలో ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ చిన్న చిన్న మిట్టల ప్రభావం పోయి, పెద్ద అలల ప్రభావమే మిగులుతుంది. బార్టన్, బాండిస్ సవరణతో రెండు మీటర్ల పలకకు లెక్కిస్తే జేఆర్‌సీ 10 కాస్తా 5.5 అవుతుంది, గోడ బలం 40 నుంచి 16కు పడుతుంది. 0.25 మెగాపాస్కల్ దగ్గర ల్యాబ్‌లో 47 ఉన్న కోణం కొండ మీద 35. పన్నెండు డిగ్రీలు! ల్యాబ్ అంకెను ఉన్నదున్నట్టు వాలుకు వాడేవాళ్ళకు ఈ ఒక్క వాక్యం చూపించాలని ఉంది.

వానలు జోరుగా ఉన్నాయి. ఈ నెల వస్తే ఊరందరికీ 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ గుర్తొస్తుంది, నాకు దానితో పాటు బీటల్లో నిలిచే నీరు గుర్తొస్తుంది. తడి వల్ల రాయి జారుడవుతుందని చాలామంది అనుకుంటారు. గ్రాఫైట్, బంకమట్టి ఉన్న బీటల్లో అది కొంత నిజమే, మా తడి శాంపిళ్ళూ అదే చూపించాయి. కానీ అసలు దెబ్బ ఒత్తిడిది. బీటలో రెండు మీటర్ల ఎత్తు నీరు నిలిస్తే అడుగున 20 కిలోపాస్కల్ ఒత్తిడి పలకను పైకి లేపుతుంది. ఒక మీటరు మందం పలక కిందికి అదిమేది 25. ఇక ఘర్షణకు మిగిలేది ఏమిటి? ల్యాబ్ బాక్సులో నీరు పక్కల నుంచి వెళ్ళిపోతుంది కనుక ఈ ప్రభావం మా గ్రాఫుల్లో లేదు, లెక్కలో విడిగా కలపాలి. నీరు బయటికి పోయేలా వాలులోకి డ్రెయిన్ రంధ్రాలు వేయమని రిపోర్టులో మొదటి సిఫారసుగా పెట్టాను, బోల్టుల కంటే ముందు.

నవంబరు

రిపోర్టు వెళ్ళింది. గ్రాఫైట్ పొరకు విడిగా ఒక గీత, గరుకు బీటకు ఇంకొకటి, రెండు మీటర్ల పలకకు సవరించిన గీత మూడోది. వాలు ముఖం వైపే వాలి ఉన్నది నల్ల పొర కాబట్టి డిజైన్‌కు దాని గీతనే వాడమన్నాం.

ఇప్పుడు నకళ్ళ పని నడుస్తోంది. ఒక గరుకు బీట ముఖం మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీశాం. పీఓపీ సీలింగు పని చేసే మేస్త్రి ఒకరు వచ్చి, గాలి బుడగలు రాకుండా ముందు పలుచగా ఒక పూత కుంచెతో పూసి, ఆ తర్వాత పోయమని చూపించారు. ఆ ఉపాయంతో సూది మొనంత మిట్ట కూడా అచ్చులోకి దిగింది. అందులో సిమెంటు మోర్టారు పోస్తే ఒకే బీటకు ఎన్ని నకళ్ళు కావాలంటే అన్ని. మోర్టారు గోడ బలం రాతిది కాదు గనుక ఈ అంకెలు కొండకు పనికిరావు. కానీ ఒకే ముఖం మీద బరువు ఒక్కటే మార్చి చూసే అవకాశం అసలు రాయి ఎప్పటికీ ఇవ్వదు. తొలి విడత క్యూరింగు ట్యాంకులో ఉంది, 28 రోజులు నిండగానే బాణం గుర్తుకు ఎదురు దిక్కున కూడా తోసి చూస్తాం.